ఇరవై నాలుగో వరుస

"ముందు చప్పట్లు కొట్టింది మీరేనట."

డిటెక్టివ్ అడిగిన మొదటి ప్రశ్న అది. ఎదురుగా కూర్చున్న ఆవిడ కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తుడవడానికి ఆ అద్దాల మీద ఏమీ లేదు.

ఆ డేటా కేంద్రంలో ఆవిడను అందరూ నకిలీ మేడమ్ అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. పదహారేళ్లుగా చేస్తున్న పని అలాంటిది మరి. ఆకాశంలో తిరిగే టెలిస్కోపు ఒకటి వేల నక్షత్రాల వెలుగును కొలిచి రోజూ కిందికి పంపుతుంది. ఏ నక్షత్రం ముందు నుంచైనా గ్రహం దాటిపోతే, ఆ కాసేపూ దాని వెలుగు పిసరంత తగ్గి, గ్రాఫులో చిన్న నొక్కు పడుతుంది. ఆ నొక్కుల్ని వెతకడమే అక్కడ అందరి పనీ. వెతికేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని వెతుకుతున్నారో లేదో తెలియాలి కదా. అందుకని ఏటా పాత డేటాలో కొన్ని దొంగ నొక్కులు దాచిపెడతారు. దాచేది ఈవిడ. వాటి జాబితాను కవర్లో పెట్టి, అంటించి, వెతకడం పూర్తయిన రోజున అందరి ముందూ విప్పుతారు.

సోమవారం అలా విప్పారు. జాబితాలో ఇరవై నాలుగో వరుసలో ఉన్నది ఇరవై ఏడేళ్ల పరిశోధకుడొకడు తొమ్మిది నెలలు కష్టపడి కనిపెట్టిన గ్రహం. అంటే అది గ్రహం కాదని, నకిలీ అని తేలింది. ఆ మధ్యాహ్నమే అతను అదే భవనం మేడ మీద నుంచి పడి చచ్చిపోయాడు. అవమానం భరించలేక దూకాడని పోలీసులు రాసేసుకున్నారు. ఈరోజు గురువారం. సాయంత్రం నాలుగింటికి ఫైలు మూసేస్తారు.

"అది మా ఆనవాయితీ అండీ," అంది నకిలీ మేడమ్ ఎట్టకేలకు. "దొంగ నొక్కుని నమ్మినవాళ్లని చప్పట్లు కొట్టి ఏడిపిస్తాం. కోపంతో కాదు. మా ప్రొఫెసర్‌గారు కూడా ఒకప్పుడు మోసపోయినవారే. ఆ అబ్బాయి నవ్వాడండీ. నవ్వుకుంటూనే బయటికి వెళ్లాడు."

"మొత్తం ఎన్ని నకిలీలు దాచారు?"

"తెలీదండీ."

"దాచిన మనిషికే తెలీదా?"

"అదే మా పద్ధతి. ఎన్ని దాచాలో, ఎక్కడ దాచాలో ప్రోగ్రామే తేల్చుకుంటుంది. నేను ప్రింటు తీసి, చూడకుండా మడిచి కవర్లో పెట్టి, కంప్యూటర్లో ఫైలు చెరిపేస్తాను. నాకు తెలిస్తే నా మొహం చూసే కనిపెట్టేస్తారు. నాకు దాచడం రాదు."

"అది తెలుస్తూనే ఉంది," అన్నాడు డిటెక్టివ్.

అతను సోమవారం విప్పిన జాబితాను బల్ల మీద పరిచాడు. ఒక్కో వరుసలో ఒక నక్షత్రం నంబరు, మొదటి నొక్కు మొదలైన తేదీ, టైము. అంతే.

"మీ చదువు నాకు రాదు. పదో తరగతి లెక్కలు అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. కానీ అంకెల్ని కళ్లతో చూడ్డం వచ్చు. మొదటి వరుస, రెండు గంటల పది నిమిషాలు. రెండోది పదకొండూ నలభై. మూడోది ఆరూ ఇరవై. నిమిషాలన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయేం?"

"టెలిస్కోపు పది నిమిషాలకో ఫొటో తీస్తుందండీ. నా ప్రోగ్రాము సరిగ్గా ఫొటో తీసే టైముకే నొక్కు మొదలుపెడుతుంది."

"ఇరవై మూడు వరుసలూ అలాగే ఉన్నాయి. ఇరవై నాలుగోది మీరే చదవండి."

ఆవిడ కాగితం దగ్గరికి తీసుకుంది. "నాలుగు గంటల... పదిహేడు నిమిషాల నలభై రెండు సెకన్లు."

చదివి, వేలు ఆ అంకె మీదే పెట్టి ఉండిపోయింది.

"సోమవారం ఇది గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో వేశారు. ఇంతమంది చదువుకున్నవాళ్లు, ఎవరూ చూడలేదా?" అన్నాడు డిటెక్టివ్.

"నక్షత్రం నంబరు చూశాం. నవ్వాం. టైము ఎవరు చూస్తారండీ?" ఆవిడ కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "ఇది నా ప్రోగ్రాము ఇచ్చింది కాదు. ఇది సూర్యుడి లెక్క."

"నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉంటుంది కదా. ఓసారి ఆ నక్షత్రానికి కాస్త దగ్గరవుతాం, ఓసారి దూరమవుతాం. అందుకని దాని వెలుగు మనకి కొన్ని నిమిషాలు ముందో వెనకో అందుతుంది. ఎనిమిది నిమిషాల దాకా తేడా ఉంటుంది. ఆ గజిబిజి లేకుండా, సూర్యుడి దగ్గర నిలబడి చూసినట్టు టైము మార్చుకుంటాం. నొక్కుని కనిపెట్టినవాళ్లు చివర్లో చేసే లెక్క ఇది. దాచేవాళ్లు చెయ్యరు."

"అంటే ఎవరో ఆ అబ్బాయి లెక్కలోంచి ఈ అంకె ఎత్తి, మీ జాబితా చివర తగిలించారు."

"ఏళ్ల తరబడి సూర్యుడి లెక్కలోనే ఆలోచించే మనిషెవరో రాశారు. మార్చాలని కూడా తోచి ఉండదు." అంతవరకూ పాఠం చెప్పినట్టు చెప్పుకొచ్చిన ఆవిడ అక్కడ ఆగింది. చెప్పిన మాట అర్థం ఆవిడకు అప్పుడే తెలిసొచ్చినట్టుంది. "అయితే అది నకిలీ కాదు. వాడు నిజంగానే కనిపెట్టాడు. నేను... నేను చప్పట్లు కొట్టాను."

ఆవిడ ఏడుస్తుంటే డిటెక్టివ్ ఊరుకున్నాడు. ఓదార్చడం అతనికి చేతకాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఆడపిల్ల చావు ఫైలు తనూ ఇలాగే, ఆత్మహత్య అని రాసి, సాయంత్రం లోపల మూసేశాడు. అది తప్పని తేలేసరికి ఆ పిల్ల తల్లి బతికి లేదు. ఉద్యోగం మానేశాడు గానీ, ఆ సాయంత్రం అతన్ని వదల్లేదు.

"కవరు ఎవరి దగ్గర ఉంటుంది?" అన్నాడు కాసేపటికి.

"ప్రొఫెసర్‌గారి బీరువాలో. అంటించిన చోట ఆయనా నేనూ అడ్డంగా సంతకాలు పెడతాం."

"సంతకాలు చెక్కుచెదరలేదు. చూశాను. మరి లోపలి కాగితం ఎలా మారింది?"

నకిలీ మేడమ్ నీళ్లు నమిలింది. దాచడం రాదన్న మాట ఆవిడ విషయంలో అక్షరాలా నిజం.

"పన్నెండు రోజుల కిందట కవరు మీద టీ ఒలికిందన్నారు," అంది నేల చూపులు చూస్తూ. "కాగితం ఆయనే కొత్త కవర్లో పెట్టి, అంటించి తెచ్చారు. నేను పైన సంతకం పెట్టాను. నాకు తండ్రిలాంటి మనిషండీ. అనుమానించాలని తోచలేదు."

"ఆ అబ్బాయి తన గ్రహం సంగతి అంతకుముందు ఎవరికి చెప్పాడు?"

"ప్రొఫెసర్‌గారికి ఒక్కరికే. అదీ మా పద్ధతే. కవరు విప్పేదాకా ఎవరి నక్షత్రం వాళ్ల గురువుకి తప్ప చెప్పకూడదు."

"సోమవారం మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"హాల్లో. రోజూ రెండూ నలభైకి టెలిస్కోపు డేటా దిగుతుంది. గంట మోగుతుంది. అందరం హాల్లో చేరి చూస్తాం. సోమవారం గంట మోగుతుండగానే వెనక వైపు ఏదో పడ్డ చప్పుడైంది. వాన కదా, ఏసీ మూత ఊడి పడిందనుకున్నాం." ఆవిడ చటుక్కున తలెత్తింది. "దేవుడా. అది..."

"ప్రొఫెసర్ ఆ టైముకి హాల్లో ఉన్నారా?"

"ఆలస్యంగా వచ్చారు. మూడు కావస్తుండగా. జుట్టంతా తడిసి ఉంది. కార్లో ఏదో మరిచిపోయి తేవడానికి వెళ్లానన్నారు."

డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. ఒంటిగంటా ఇరవై.

*

మేడ మీదికి వెళ్లే తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ కాచుకుని ఉన్నాడు. ఆ ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్‌కి స్వయానా బావమరిది. ఇద్దరూ ఒకే బంతిలో భోంచేస్తారు, కేసుల దగ్గర మాత్రం ఒక మాట మీద ఉండరు.

"బావా, నీ డిటెక్టివు వేషాలు నా కేసుల మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? మా అక్క మొహం చూసి ఊరుకుంటున్నా."

"మీ అక్క కూడా నా మొహం చూసే నిన్ను భోజనానికి పిలుస్తోందిరా. తలుపు తియ్యి."

"ఏముంది చూడ్డానికి? కుర్రాడు నలుగురిలో నవ్వులపాలయ్యాడు. వాళ్లక్క పదకొండు సార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. మనసు విరిగినవాడే అలా చేస్తాడు. మూడూ పదికి వాచ్‌మన్ శవాన్ని చూశాడు. మూడింటికి దూకాడనుకో."

"అనుకోను. తలుపు తియ్యి."

ఇన్‌స్పెక్టర్ సీలు తెంచి తలుపు తీశాడు. ఆ తలుపుకి బయటి వైపు పిడి లేదు. మేడ మీద ఉండగా మూసుకుందంటే లోపలికి రావడం కుదరదు. అందుకని లోపలి మూలలో ఇటుకంత నల్లటి డబ్బా ఒకటి పెట్టి ఉంచారు, పాడైపోయిన హార్డ్ డిస్కు పెట్టె. దాన్ని గడప మీద అడ్డం పెట్టి మేడ మీదికి వెళ్తారు. దాని మీద ఎవరో సరదాగా ఒక చీటీ అతికించారు: పని అయ్యాక నన్ను లోపల పెట్టండి.

డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని ఆ డబ్బానే చూస్తున్నాడు. మేడ వైపు పోనేలేదు.

"ఎండకి చల్లగా ఉంటుందని మేడంతా సున్నం కొట్టించారు. ఎప్పుడు?"

"పది రోజులైంది. అయితే?"

"ఆ తర్వాత వాన ఎన్నిసార్లు పడింది?"

"సోమవారం ఒక్కసారే. రెండుంబావు నుంచి మూడున్నర దాకా."

"ఇటు చూడు."

నల్ల డబ్బాకి సగం మేర తెల్లటి చుక్కలు చిమ్మి ఉన్నాయి. మిగతా సగం శుభ్రంగా ఉంది. ఆ రెంటికీ నడుమ తలుపు అంచు నిలిచిన గీత తేటగా కనిపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ చూశాడు. "సున్నం చిమ్మింది. అయితే ఏంటి?"

"ఇది సోమవారం వానలో సగం బయట, సగం లోపల ఉంది. తలుపు తీసి ఉంచడానికి. దూకి చచ్చేవాడికి తిరిగి రావడానికి తలుపెందుకురా? సరే, అలవాటు కొద్దీ పెట్టాడే అనుకో. కింద పడ్డవాడు లేచొచ్చి, దీన్ని లోపల మూలలో సర్దిపెట్టి, తలుపు మూసి, మళ్లీ వెళ్లి పడుకున్నాడా?"

"ఇంకెవరో వానలో వెళ్లొచ్చి ఉంటారు."

"ఈ భవనంలో ముప్పైమంది ఉన్నారు. వాన మొదలయ్యాక మేడ ఎక్కామని ఒక్కరూ చెప్పలేదు. నీ ఫైల్లోనే ఉంది, నీ చేత్తోనే రాశావు. సోమవారం సాయంత్రం సీలు వేసిందీ నువ్వే."

ఇన్‌స్పెక్టర్ డబ్బాను అటూ ఇటూ చూసి, చేతిరుమాలుతో ఎత్తబోయి ఆగాడు. తప్పు చేశానని అతను నోటితో ఒప్పుకోడు, చిన్నప్పటి నుంచీ అంతే. తప్పు చేసినప్పుడు చెవి గోక్కుంటాడు. ఇప్పుడు రెండు చెవులూ గోక్కున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

"చీటీలో రాసిన మాట వినే మనిషి. చంపి వస్తూ కూడా పని అయ్యాక లోపల పెట్టాడు. కుర్రాడి బట్టలేవీ?"

"ఆవిడకి అప్పగించడానికి తెచ్చా. ఫోనూ, బట్టలూ కిందే ఉన్నాయి. ఏమీ లేవు బావా, అన్నీ వెతికాం."

*

ఆవిడ అంటే చనిపోయిన అబ్బాయి అక్క. దర్జీ పని చేస్తుంది. అమ్మానాన్నలు పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు, ఆవిడకి పదిహేడు. మిషను తొక్కి పెంచింది. నిన్న పొద్దున్నే డిటెక్టివ్ ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే ఒకే మాట చెప్పింది. "మా తమ్ముడు నాతో చెప్పకుండా చెప్పుల జత కూడా కొనుక్కోలేదండీ. చచ్చిపోవాలనుకుంటే చెప్పకుండా ఉంటాడా?"

ఆ మాట ఏ కోర్టులోనూ సాక్ష్యం కాదు. డిటెక్టివ్‌కి మాత్రం అది చాలింది.

ఇప్పుడు ఆవిడ ప్రొఫెసర్ గదిలో ఉంది. ఆయన తన కుర్చీ ఆవిడకిచ్చి, తను స్టూలు మీద కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, చేతిలో ఆవిడ సంచీ. సాయంత్రం తనే ఆవిడను రైలెక్కిస్తానన్నాడట.

"మా పిల్లాడండీ వాడు," అన్నాడు ప్రొఫెసర్ మెల్లగా. "నా చేతులతో పెంచాను. ఆవిడను ఇంక బాధపెట్టకండి, చూడలేకపోతున్నాను."

"రెండు నిమిషాలు. బట్టలు గుర్తుపట్టాలి," అని డిటెక్టివ్ ఆవిడను పక్క గదిలోకి తీసుకొచ్చాడు. రెండుంబావు అయింది.

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవరు విప్పి చొక్కా బల్ల మీద పెట్టాడు. గళ్ల చొక్కా. ఆస్పత్రిలో కత్తిరించి తీశారు. ఆవిడ చూసి ఏడవలేదు. కత్తిరించిన అంచుల్ని దగ్గరికి చేర్చి, వేళ్లతో సర్దింది. కుట్టేయొచ్చు అని చూసుకుంటున్నట్టుంది పాపం.

"కాగితం తీశారా?" అంది.

"ఏం కాగితమమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లోపలి జేబులోది. వాడికెప్పుడూ ఏదో ఒకటి రాసుకునే అలవాటు. రాసింది జేబులో మరిచిపోయి బట్టలు ఉతికేసేవాడు. కాగితం ముద్దయిపోయిందక్కా అని గోల. అందుకని ప్రతి చొక్కాకీ చంక కింద, లోపల రెయిన్‌కోటు గుడ్డతో జేబు కుడతాను. పైకి కనపడదు."

ఆవిడ చొక్కా తిరగేసి, కుట్టు పక్కన వేలు పెట్టి, చిన్న గుండీ తీసింది. మడిచిన కాగితం బయటికొచ్చింది. అంత వానలో పడి ఉన్నా పొడిగా ఉంది. పెన్సిలు రాత.

ఇన్‌స్పెక్టర్ ఇంకోసారి చెవి మీద చెయ్యి వేసుకున్నాడు. అతన్ని దెప్పే అవకాశం డిటెక్టివ్‌కి అంతకన్నా మంచిది దొరకదు. కానీ ఆ కాగితం ముందు అతనికి నోరు రాలేదు.

"మీరే చదవండి," అన్నాడు అక్కతో.

ఆవిడ చదివింది. బడిలో పాఠం చదివినట్టు, ఒక్కో మాటా కూడబలుక్కుని.

"ఇరవై నాలుగో వరుసలో ఉన్నది నా లెక్క. సెకన్లతో సహా నాదే. ఎవరో కావాలని చేర్చారు. ఎవరో తెలీదు. సార్‌కి చెప్తే ఆయనే చూసుకుంటారు. రెండున్నరకి మేడ మీద కలుద్దామన్నారు. తర్వాతి నొక్కు గురువారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి. వస్తే ఇక ఎవరూ కాదనలేరు. వచ్చాక అక్కకి ఫోన్. ఏడవకుండా చెప్పాలి."

ఆవిడ చివరి మాట దగ్గర వేలు పెట్టి ఇంకోసారి చదువుకుంది, ఈసారి లోపల్లోపల.

"సార్‌ని కలవడానికే వెళ్లాడా?" అంది. "కానీ సార్ నాకు వేరేలా చెప్పారే."

"ఏం చెప్పారు?"

"ఆ రోజు ఫోన్ చేశారండీ. 'మీ తమ్ముడు మేడ మీద కూర్చుని ఏడుస్తున్నాడు, నా మాట వినడం లేదు, మీరైనా చెప్పండి' అన్నారు. నేను మిషను మీద ఉన్నా. వెంటనే చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. పదకొండు సార్లు. 'మీరు ఇంకాస్త ముందు చేసుంటే బతికేవాడేమోనమ్మా' అని నిన్న కూడా అన్నారు." ఆవిడ కాగితాన్ని తిరిగి మడిచింది. "మూడు రోజులుగా అదే అనుకుంటున్నా. ఇంకాస్త ముందు చేసుంటే."

"సార్ మీకు ఫోన్ చేసింది ఎన్నింటికి?"

ఆవిడ ఫోను తీసి చూపించింది. సోమవారం, రెండూ యాభై రెండు.

డిటెక్టివ్ ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాడు. పక్కనే ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. పన్నెండు నిమిషాల తేడాను ఆ అక్కకి ఏ మాటలతో చెప్పాలో అతనికి తోచలేదు. అంతలో గంట మోగింది. రెండూ నలభై.

*

హాల్లో ముప్పైమందీ చేరారు. ముందు వరసలో ప్రొఫెసర్, చేతిలో ఇంకా ఆ సంచీ. డిటెక్టివ్ తిన్నగా వెళ్లి కాగితాన్ని నకిలీ మేడమ్ ముందు పెట్టాడు.

"మీ నకిలీలు పాత డేటాలోనే ఉంటాయన్నారు. ఇప్పుడు దిగుతున్న దాంట్లో ఎవరైనా నొక్కు పెట్టగలరా?"

"ఇప్పుడు దిగేది ఇంకా ఎవరూ ముట్టుకోలేదండీ. సాధ్యం కాదు."

"అయితే ఆ అబ్బాయి నక్షత్రం తియ్యండి. ఈరోజు పొద్దున తొమ్మిదీ ఇరవై."

"ఎందుకు?" అన్నాడు ప్రొఫెసర్. మెల్లని గొంతే, అంచు మాత్రం పదునెక్కింది. "నకిలీ అని తేలిన నక్షత్రాన్ని మేం వెతికే జాబితాలోంచి తీసేశాం. అనవసరంగా..."

"తియ్యండి మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

గోడ మీద చుక్కలు పడడం మొదలైంది. పది నిమిషాలకో చుక్క, ఎడమ నుంచి కుడికి, ఒకే ఎత్తులో. ఎనిమిది. ఎనిమిదీ ముప్పై. తొమ్మిది. తొమ్మిదీ పది. తొమ్మిదీ ఇరవై చుక్క కాస్త కిందికి పడింది. ఆ తర్వాతిది ఇంకాస్త కిందికి. ఆ తర్వాత వరసగా పద్దెనిమిది చుక్కలు అట్టడుగునే నడిచి, మెల్లగా లేచి, మళ్లీ పాత ఎత్తుకి వచ్చాయి.

నకిలీ మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇదేనా?" అంది అక్క. గోడ దగ్గరికి నడిచి, ఆ పల్లం మీద అరచెయ్యి ఆనించింది. "ఇంతేనా?"

"ఇంతేనమ్మా," అంది నకిలీ మేడమ్ ఏడుస్తూ. "ఇంతకన్నా పెద్దది మా ఎవ్వరికీ దొరకలేదు."

అక్క వెనక్కి తిరిగింది. "మేడమ్, సోమవారం ఇదే గంట మోగుతుంటే ఏదో పడ్డ చప్పుడు వినిపించిందా?"

డిటెక్టివ్ ఉలిక్కిపడ్డాడు. తను చెప్పలేకపోయిన లెక్కను ఆవిడే చేసేసుకుంది. రెండుంబావు దాకా ప్రొఫెసర్ గదిలో కూర్చున్న మనిషి, అటూ ఇటూ తిరిగేవాళ్ల మాటలన్నీ వింది కాబోలు.

"వినిపించింది," అంది నకిలీ మేడమ్.

అక్క ప్రొఫెసర్ ముందుకి వచ్చి నిలబడింది. "సార్, వాడు పడింది రెండూ నలభైకి. మీరు నాకు ఫోన్ చేసింది రెండూ యాభై రెండుకి. లేనివాడికి నాతో పదకొండు సార్లు ఫోన్ చేయించారు. ఎందుకు సార్?"

ఆయన ఏదో చెప్పబోయాడు. గోడ మీది నొక్కు వైపు చూశాడు. చూసినవాడు చూపు తిప్పుకోలేకపోయాడు. చేతిలోంచి సంచీ జారి కింద పడింది.

"ముప్పై ఒక్క ఏళ్లు," అన్నాడు. "నాకు ఒక్కటీ దొరకలేదు. ఏడాది ఆగి నా పేరు మీద బయటపెడదామనుకున్నా. అంతే. వాణ్ణి చంపాలని కాదు." ఆయన అక్క వైపు తిరిగాడు. "మేడ మీదికి వచ్చి కూడా వాడు నన్ను అనుమానించలేదమ్మా. 'ఎవరో చేశారు సార్, గురువారం నొక్కు వస్తుంది, మీరే అందరికీ చెప్పండి' అన్నాడు. నన్నే చెప్పమన్నాడు."

ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన చిన్న పిల్లాడిలా వెంట నడిచాడు.

డిటెక్టివ్‌కి ఆ గెలుపు చేదుగా ఉంది. ఫైలు తెరుచుకుంది, నిజమే. తెరిచిన ఫైల్లోంచి ఎవరూ లేచిరారు కదా. అక్కను కూర్చోమని చెబుదామని చూస్తే, ఆవిడ ఫోను తీసి నంబరు నొక్కుతోంది.

ఇన్‌స్పెక్టర్ వస్తూ వస్తూ బల్ల మీద పెట్టిన ప్లాస్టిక్ కవర్లో ఉన్న తమ్ముడి ఫోను మోగింది. అద్దం మీద అక్క అని రెండక్షరాలు వెలిగాయి. పన్నెండోసారి.

ఆవిడ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, అవతల మోగుతున్న చప్పుడు వింటూ నిలబడింది.

"వచ్చిందిరా నాన్నా," అంది. "నువ్వు చెప్పిన టైముకే వచ్చింది. అందరూ చూశారు."

ఏడవకుండా చెప్పింది. ఆ ఫోన్‌ను ఎవరూ కట్ చెయ్యలేదు. దానంతటది ఆగేదాకా హాల్లో అందరూ నిలబడే ఉన్నారు.